అద్దం ముందు కుర్చీలో విన్న మాట

ఆ టీవీ స్టూడియోలో ఆమెను అందరూ టచప్పక్క అనేవారు. కెమెరా ముందుకు వెళ్లే ప్రతి ముఖమూ ముందుగా ఆమె చేతి కిందికి రావలసిందే. ఇరవై రెండేళ్లుగా మంత్రుల నుదుటి జిడ్డు తుడిచింది, వార్తలు చదివే అమ్మాయిల కళ్ల కింది నలుపు కప్పింది. ఆ కుర్చీలో కూర్చున్నాక అదేం మాయో, ఆమె అక్కడ ఉన్నట్టే ఎవరికీ గుర్తుండదు. మొగుడితో తగవులు, పైఅధికారి మీద తిట్లు, ఇంట్లో చెప్పని పెళ్లిళ్లు, అన్నీ ఫోన్లో మాట్లాడేస్తారు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులున్న ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే విన్నదంతా కడుపులో దాచుకునేది. ఇంట్లో అత్తగారు ఎంత తవ్వినా ఒక్క ముక్క బయటికి వచ్చేది కాదు.

ఆ ఎన్నికల్లో అందరి నోటా ఒకటే మాట, ఫోన్ల చట్టం. ఎవరు ఎవరితో మాట్లాడారో, ఎక్కడెక్కడ తిరిగారో, ఆ వివరాలన్నీ ప్రభుత్వం ఎవరినీ అడక్కుండానే తీసుకోవచ్చునంటుంది ఆ చట్టం. నేరాలు ఆగాలంటే అది ఉండాల్సిందే అంటుంది లాయరమ్మ. ఒప్పుకునేది లేదంటారు మాష్టారు. ఇద్దరూ ఒకే సీటుకు పోటీ. టచప్పక్క ఇంట్లో మూడు ఓట్లూ మాష్టారివే, ఎందుకంటే ఆయన ఆమె మరిదికి లెక్కలు చెప్పిన మనిషి.

చివరి చర్చ సాయంత్రం ఆరింటికి పెట్టారు. లాయరమ్మ ముందే వచ్చి, "పౌడరు మరీ పూసేయకమ్మా" అని నవ్వి, పని కాగానే వెళ్లిపోయింది. తర్వాత మాష్టారు వచ్చి కూర్చున్నారు. టచప్పక్క ఆయన కాలరు చుట్టూ పల్చటి కాగితం దోపి, తల కదపొద్దని చెప్పింది. అంతలో ఫోన్ మోగింది. తల కదపకూడదు కదా, ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని స్పీకరు నొక్కారు.

"మాష్టారూ, మీరు మా కంపెనీ సలహా మండలిలో ఉన్న సంగతి ఇవాళ బయటపడకుండా చూసుకోండి. చట్టాన్ని ఎంత తిట్టినా మాకేం ఇబ్బంది లేదు. గెలిచాక కూర్చుని మాట్లాడుకుందాం."

"ఎవరికి తెలుసు లెండి. మీరు నిశ్చింతగా ఉండండి."

అవతలి మనిషి కంపెనీ పేరు కూడా చెప్పాడు. ఆ ఫోన్ల వివరాలన్నీ పోగుచేసి ప్రభుత్వానికి అందించే పని దక్కింది ఆ కంపెనీకే. రెండు నెలలుగా రోజూ వార్తల్లో నలుగుతున్న పేరు.

టచప్పక్క చేతిలోని పఫ్ ఆగిపోయింది. ఆమె మెల్లగా అంది, "మాష్టారూ, నాకు వినపడిందండీ."

ఆయన అద్దంలోంచి చూశారు. "ఏం వినపడిందమ్మా?"

"మొత్తం."

వేసిన రంగు కింద ఆయన ముఖం పాలిపోవడం ఆమెకు తెలిసింది. "రికార్డు గానీ చేశావా?"

"నేనెందుకు చేస్తానండీ? ఒకళ్ల మాట ఇంకొకళ్లు చాటుగా వినకూడదనే కదా మీరిప్పుడు లోపలికెళ్లి చెప్పబోయేది. నేనెవరికీ చెప్పను."

"మరి?"

"మీరే చెప్పేస్తే బావుంటుందని. మా మరిది లెక్క తప్పు చేస్తే మీరు కొట్టేవారు కాదట. నువ్వే దిద్దుకో అని పుస్తకం చేతికిచ్చేవారట."

ఆయన గొంతు సవరించుకున్నారు. "నాలుగేళ్ల కిందట పిల్లల పాఠాల పని అంటే చేరానమ్మా. వీళ్ల అసలు వ్యాపారం తర్వాత తెలిసింది. మానేద్దాం, మానేద్దాం అనుకుంటూనే రోజులు దొర్లించేశాను."

"కళ్లు మూసుకోండి, పౌడరు పడుతుంది" అంది ఆమె.

స్టూడియో హాల్లో, పిలిపించిన జనం ముందు చర్చ మొదలైంది. ఆమె తెర వెనక టీవీ ముందు నిలబడింది. నాలుగడుగుల దూరంలో ప్రొడ్యూసరు ఉన్నాడు. చెవిలో ఒక్క మాట వేస్తే చాలు. చెప్పకపోతే జనాన్ని మోసం చేసినట్టు, చెబితే ఇన్నేళ్ల నమ్మకాన్ని చంపినట్టు. ఆమె కాళ్లు అటు రెండడుగులు వేసి ఆగిపోయాయి. చివరి దాకా చూద్దాం, ఆయనే చెబుతారేమో అనుకుంది.

చివర్లో తలా రెండు నిమిషాలు ఇచ్చారు. మాష్టారు చేతిలోని కాగితం మడిచి పక్కన పెట్టారు.

"ఈ చట్టం తప్పని గంట నుంచీ చెబుతున్నాను. ఆ చట్టంతో బతికే కంపెనీకి నాలుగేళ్లుగా నేను సలహాదారుణ్ణి. ఆ సంగతి దాచమని వాళ్లు అడిగితే ఇందాకే సరేనన్నాను. అది నా తప్పు. రేపు పొద్దున్నే రాజీనామా ఇస్తున్నాను. మీ ఓటు మీ ఇష్టం."

హాలంతా గగ్గోలైంది. యాంకరు లాయరమ్మ వైపు తిరిగి, "మరి మీకేమైనా సంబంధం ఉందా?" అని అడిగాడు. ఆవిడ నీళ్లు నమిలి, చివరికి ఆ కంపెనీ కేసులు తన ఆఫీసే చూస్తోందని ఒప్పుకుంది. ఆ తర్వాత జనం వదల్లేదు. జడ్జి అనుమతి లేకుండా ఎవరి ఫోనూ ముట్టకూడదన్న షరతు పెట్టిస్తానని ఆవిడ చేత అక్కడే మాట ఇప్పించారు.

అత్తగారు వెంటనే ఫోన్ చేసింది. "చూశావా అమ్మాయ్, అంతా ఒక తాను ముక్కలే."

"ముక్కలే అత్తయ్యా. కాకపోతే ఒకాయన తన చిరుగు తనే చూపించాడు."

మాష్టారు రంగు తుడిపించుకోవడానికి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. అలసిపోయి ఉన్నా ముఖం తేటపడింది. "నీ ఓటు ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగారు.

"అది కూడా ఎవరికీ చెప్పనండి."

ఆ రోజు ఆయన మనసారా నవ్వింది అప్పుడే.

మాష్టారు కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. లాయరమ్మ గెలిచింది. జనం మీద పడి అడుగుతూ ఉంటే, ఇచ్చిన మాట ప్రకారం చట్టంలో ఆ షరతు చేర్పించింది కూడా. మాష్టారు ఇప్పుడు ప్రతి శనివారం గ్రంథాలయంలో కూర్చుని, ప్రభుత్వం దగ్గర తమ గురించి ఏం రాసి ఉందో తెలుసుకోవడానికి అర్జీ ఎలా పెట్టాలో జనానికి నేర్పుతున్నారు. టచప్పక్క అత్తగారిని అక్కడికి తీసుకెళ్లింది. ఆవిడ పట్టుబట్టి అర్జీ పెట్టింది. నెల తిరక్కుండా జవాబు వచ్చింది, అర పేజీ.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. "అరవై ఎనిమిదేళ్లు బతికితే నా గురించి ఇంతేనా వాళ్లకు తెలిసింది?"

"మంచిదే కదత్తయ్యా."

"మంచిదే అనుకో" అంటూ ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి బీరువాలో, చీరల కింద పెట్టి తాళం వేసింది.