కారనిచ్చిన నల్లా

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నేను ప్లంబర్‌ని. షార్జా బిల్డింగుల్లో పద్నాలుగేళ్లపాటు కారే నల్లాలన్నీ బాగుచేసిన చేతులు నావి. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు సలసలా కాగుతుంటే, గీజర్ ఆపేసి అందులో చల్లారిన నీళ్లతో స్నానం చేస్తాం ఈ గల్ఫ్‌లో. అలాంటి చోట పైపుల్లో నీళ్లు గడ్డకడతాయని ఎవరైనా చెబితే నవ్వు రాదా మరి?

చెప్పినాయన గంగాప్రసాద్. తెనాలి మనిషి, యాభై ఆరేళ్ల పెద్దాయన. సైన్యంలో బళ్ల మెకానిక్‌గా లద్దాఖ్‌లో పనిచేసి వచ్చాడు. రాస్ అల్ ఖైమాలో జబల్ జైస్ కొండ మీద మేమిద్దరం ఒక క్యాంపర్‌ని చూసుకునేవాళ్లం. అంటే టూరిస్టులకి అద్దెకిచ్చే చక్రాల మీది ఇల్లు. కింద నీళ్ల ట్యాంకు, పంపు, గీజర్. లోపల వంటకొకటి, బాత్రూముకొకటి నల్లాలు. కాళ్లు కడుక్కోవడానికి బయట వెనక చక్రం దగ్గర ఇంకొకటి.

అంతకుముందు చలికాలం, నేనింకా అక్కడ చేరకముందు, పెద్దాయన సెలవులో ఉండగా నీళ్లు గడ్డకట్టి దాని గీజర్ పగిలిందట. తప్పు ఆయనది కాదు. అయినా ఈసారి ఒక్క పైపు పగిలినా ఖలాస్, ఇంటికి పంపేస్తానని ముదీర్, అంటే మా మేనేజర్, మొహం మీదే చెప్పాడు. ఇంకో రెండేళ్లు ఇక్కడే పని చేసుకోవాలని పెద్దాయన ఆశ. అందుకే చలి ముదిరిన రోజున పొద్దుగూకకముందే మొత్తం నీళ్లు వదిలేసి పైపులు ఖాళీ చేసేవాడు. నేను వెనక నిలబడి నవ్వేవాణ్ని.

రెండువేల ఇరవైరెండు జనవరిలో ఒక సాయంత్రం హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సర్వర్ బేగం, ఆమె కూతురు ఫైజా క్యాంపర్‌లో దిగారు. తెల్లారేదాకా నీళ్లుండవని పెద్దాయన చెప్పగానే ముసలామె బెంగపడింది.

"తెల్లారగట్ల ఫజర్ నమాజుకు కాళ్లు చేతులు కడుక్కొని వజూ చెయ్యాలె బేటా. నీళ్లు లేకుంటే ఎట్ల?"

పెద్దాయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు, అంటే రాత్రి చలి ఇంకా ముదురుతుంది. కాసేపు ఆలోచించి నన్ను పక్కకి పిలిచాడు.

"గీజర్ ఒక్కటీ ఖాళీ చేస్తాను. మూడు నల్లాలూ సన్నగా కారుతూ ఉండనీ రత్నాకరూ. కదిలే నీళ్లు అంత తొందరగా గడ్డకట్టవు."

"నీళ్లు ట్యాంకర్ల కొండెక్కి వస్తున్నయ్ అన్నా. నల్లా ఇడిసిపెడితే పాపం తగుల్తది."

"లద్దాఖ్‌లో ఇదే చేసేవాళ్లం. నువ్వు మాత్రం ముట్టుకోకు."

"సరే తియ్."

సరే అన్నది నా నోరు. చేతులకి ఆ మాట వినబడలేదు. భోజనాలయ్యాక దుప్పట్లు ఇవ్వడానికి లోపలికి వెళ్తే బాత్రూములో టప్ టప్ మంటోంది. ఏమీ ఆలోచించకుండానే బిగించేశాను. వంట దగ్గరదీ బిగించాను. బయటి నల్లా చీకట్లో కనబడలేదు కాబట్టి బతికిపోయింది. మంచి పని చేసినవాడిలా వెళ్లి హాయిగా పడుకున్నాను.

తెల్లవారుజామున సర్వర్ బేగం పిలుపుకి లేచాను.

"నల్లాల చుక్క వస్తలేదు బేటా."

టార్చి పట్టుకుని క్యాంపర్ వెనక్కి పరిగెత్తాను. అక్కడ బయటి నల్లా కింద బకెట్ ఉంది. పక్కనున్న కాళ్లు కడుక్కునే తొట్టిలో నీళ్లు మాత్రం లేవు. నీళ్లున్న చోట అద్దం పలకలాంటి మంచుగడ్డ ఉంది. వేలితో తడితే టక్ మంది. లోపల ఒక ఇసుక రేణువు, దాని పక్కన చిన్న గాలి బుడగ, రెండూ కదలకుండా ఆగిపోయి ఉన్నాయి. రాళ్ల మీద తెల్లగా ఉప్పు చల్లినట్టుంది. ఐస్ అంటే నాకు ఫ్రిజ్‌లోది, చేపల మార్కెట్‌లోది. కరెంటు లేకుండా, మనిషి చెయ్యి పడకుండా, ఆకాశం తనంతట తాను చేసిన ఐస్‌ని నలభై ఏళ్లలో అదే మొదటిసారి చూడటం. నాకు భయం వేసింది. చేతులు జోడించాలనీ అనిపించింది.

బయటి నల్లా మూతికి మంచు కడ్డీ వేలాడుతోంది. దాని మీదుగా చుక్క తర్వాత చుక్క జారుతూనే ఉంది. కొండంతా బిగుసుకుపోయినా ఆ ఒక్క నల్లా ఆగలేదు.

దాన్ని కాస్త ఎక్కువ తిప్పి కెటిల్ నింపి వేడిచేసి ఇచ్చాను. ముసలామె వజూ ముగించి, తొట్టిలోని గడ్డని అరచేత్తో తాకి "సుభానల్లా" అంది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచింది.

పెద్దాయన అప్పటికే వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, లోపలి నల్లాలు నేనే బంద్ చేసిన. నీ నౌకరీ మీదికి తెచ్చిన."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"పైపులకి మంట చూపించకు. గడ్డ కరిగితేగాని పగిలిందో లేదో తెలీదు. ఎండ రానీ."

క్యాంపర్ కింద అట్టముక్కలు పరుచుకుని ఇద్దరం వెల్లకిలా పడుకున్నాం. ఎనిమిదిన్నరకి ఎండ చక్రాల దాకా దిగింది. లోపల వంట నల్లా దగ్గింది, చిన్న చిన్న ముక్కలు ఉమ్మింది, ఆ తర్వాత ధార కట్టింది. కాసేపటికి బాత్రూముదీ వచ్చింది. పెద్దాయన ఒక్కో అతుకునీ చేత్తో తడుముకుంటూ పోయాడు. అన్నీ పొడిగా ఉన్నాయి. ట్యాంకు, పంపు, పెద్ద పైపు, అన్నింటినీ చీకట్లో నా కంటపడని ఆ నల్లా కాపాడింది. నా జాగ్రత్తే పూర్తిగా సాగి ఉంటే ఆయన ఇంటికి పోయేవాడు.

తొమ్మిదింటికి ముదీర్ వచ్చాడు. నల్లాలు తిప్పి చూసుకుని, ఏమైనా ఇబ్బందా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన నా కాలు తొక్కాడు.

"మాఫీ ముష్కిల్ సార్" అన్నాడు, ఏ ఇబ్బందీ లేదని.

ముదీర్ వింటే కదా. తొట్టిలోని గడ్డని రెండు చేతులా పైకెత్తి, దానిలోంచి సూర్యుణ్ని చూస్తున్నాడు. వేళ్లు ఎర్రబడినా దించలేదు.

ఆ సాయంత్రం మళ్లీ ఆకాశం తేటగా ఉంది. పెద్దాయన చెప్పకముందే వెళ్లి మూడు నల్లాలూ సన్నగా వదిలాను. బాత్రూములో టప్ మనగానే చెయ్యి దానంతటదే పైకి లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని బయటికి వచ్చేశాను.