కుమరేశన్ మామ ఎగిరిన మైళ్ళు

కుమరేశన్ మామ ఎనిమిదేళ్ళలో ఇరవై రెండు దేశాలు తిరిగాడు. ఆయన పేరు మీద ఒక్క మైలు కూడా లేదు. ఆ సంగతి తెలిసిన సోమవారం సాయంత్రం నాకు కూర్చున్నచోట నిలకడ లేకపోయింది.

మాది యానాం. నాన్నకి పుదుచ్చేరి ఆఫీసుకి బదిలీ అయ్యాక లాస్‌పేటలో మామ వాళ్ళ ఇంటి పైవాటాలో అద్దెకి దిగాం. వాళ్ళూ తెలుగువాళ్ళే, కాకపోతే నాలుగు తరాల కిందటే వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. మామ ఊళ్ళోనే, మేట్టుపాళయంలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. మసాలా పొడులు, షాంపూలు పొట్లాలు కట్టే మిషన్లు అక్కడ తయారవుతాయి. మిషను ఏ దేశం వెళితే దాని వెనకాలే మామ వెళ్ళి, బోల్టులు బిగించి, నడిపించి చూపించి వస్తాడు. టికెట్టు కంపెనీది, కష్టం మామది.

నేను విమానం ఎక్కింది రెండే సార్లు, రెండూ రాజమండ్రికే. కానీ మైళ్ళు ఎలా కూడబెట్టాలో, వాటితో ఎక్కడికి ఎగరాలో చెప్పే వీడియోల్లో నేను చూడనిది లేదు. ఏ విమానాశ్రయం లౌంజ్‌లో ఏం పెడతారో కూడా చెప్పగలను. అలాంటి నేను మూడేళ్ళుగా ఇరవై రెండు దేశాల మనిషి నెత్తిన కాపురం ఉంటూ ఒక్కసారీ అడగలేదు.

అడిగింది కూడా కయల్విళి వల్లే. కయల్ మామ కూతురు, ఏడో తరగతి. వియత్నాంలో హనోయ్‌లో జరిగే పిల్లల యోగాసనాల పోటీకి పుదుచ్చేరి నుంచి ఏడుగురు ఎంపికయ్యారు, అందులో ఒకతె. పిల్లల టికెట్లు యోగా సంఘం పెట్టుకుంటుంది. అయితే ప్రతి పిల్లతోనూ సొంత తల్లో తండ్రో, అదే విమానంలో, సొంత ఖర్చుతో రావాలి. రాకపోతే ఆ పిల్ల బదులు వరసలో తరవాతి పిల్ల వెళుతుంది. కోచ్ పట్టాభిరామన్ సార్ చెన్నై ఏజెంటు దగ్గర తల్లులందరికీ సీట్లు పట్టి ఉంచాడు. మంగళవారం లోపల ఖాయం చెయ్యాలి, శుక్రవారం సాయంత్రం ఐదుకి పేర్లు పైకి వెళ్ళిపోతాయి.

మామ పెరూలో ఉన్నాడు. భువనేశ్వరి అత్త టికెట్టు గురించే తల పట్టుకుని కూర్చుంది. కయల్ హాల్లో గడ్డం నేలకి ఆనించి, కాళ్ళు వెనకనించి నెత్తి మీదకి వంచి తేలులా నిలబడి ఉంది. మామ తల్లి మునెమ్మ అవ్వ గుమ్మం దగ్గర మల్లెలు కడుతోంది.

"అత్తా, మేట్టుపాళయంలో లారీల వాళ్ళ సంఘం ఉంటుంది కదా," అన్నాను. "ఒకడికి మధురై దాకానే రూటు ఉంటే, అక్కణ్ణించి సరుకు సంఘంలో ఇంకొకడి లారీ ఎక్కిస్తాడు. విమాన కంపెనీలూ అంతే. ప్రపంచం మొత్తానికి అలాంటి పెద్ద సంఘాలు మూడు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్. ఏదో ఒక కంపెనీలో మెంబరయితే చాలు, ఆ సంఘంలో ఎవరి విమానం ఎక్కినా మన నంబరు చెప్పొచ్చు, మైళ్ళన్నీ ఒకే చోట పడతాయి."

"మైళ్ళంటే దూరమే గదా పాపా. దూరం యాడ పడతాది?"

"దూరం కాదత్తా, మార్కుల్లాంటివి. ఎగిరే కొద్దీ వస్తాయి. అవి పోగయితే వాటితోనే ఇంకో టికెట్టు కొనుక్కోవచ్చు."

"ఊరికే కూర్చోని పోయినందుకు మార్కులా," అంది అవ్వ దారం పళ్ళతో తెంపుతూ. "మా వానికి బళ్ళో కూడా అట్లనే ఏసింటే బాగుండు. కూర్చునే దాంట్లో వాణ్ణి మించినోడు లేడు."

నేను ఆగలేదు. బాగా తిరిగే వాళ్ళకి సిల్వర్, గోల్డ్ అని హోదా ఇస్తారనీ, గోల్డ్ వస్తే ఆ సంఘంలో ఏ కంపెనీతో వెళ్ళినా లౌంజ్‌లోకి రానిస్తారనీ, సోఫాలు, వేడి భోజనం, కొన్నిచోట్ల స్నానం కూడా ఉంటుందనీ, పెట్టె బరువు ఎక్కువైనా ఊరుకుంటారనీ చెప్పాను.

"స్నానం కూడానా," అంది అత్త. "మీ మామ టూల్ బ్యాగు తల కింద పెట్టుకోని నేల మీద పండుకుంటాడు. ఎనిమిది గంటలు, పది గంటలు. ఆయన్ని ఎవురూ అడగలేదే."

"అడగరత్తా. మనమే చెప్పుకోవాలి."

ఆ రాత్రి భోజనాలవకముందే ఒక విమాన కంపెనీలో మామ పేరు మీద ఖాతా తెరిచాను. కొత్తగా చేరినవాళ్ళు అంతకుముందు ఆరు నెలల ప్రయాణాలకి కూడా మైళ్ళు అడగవచ్చని ఆ కంపెనీ నియమం. ఆరు నెలల్లో మామ కెన్యా, ఇండోనేషియా, బ్రెజిల్ వెళ్ళొచ్చాడు, మూడూ ఆ కంపెనీ ఉన్న సంఘం విమానాలే. లెక్క వేస్తే ముప్పై వేలు దాటింది. హనోయ్‌కి వెళ్ళి రావడానికి పాతిక వేలు చాలు. పిల్లలు వెళ్ళే విమానంలోనే మైళ్ళతో తీసుకునే సీట్లు రెండు ఖాళీగా కనిపించాయి.

కావలసినవి రెండు. ఒకటి టికెట్ నంబర్లు, అవి మామ కంపెనీకి టికెట్లు తీసే ఏజెంటు దగ్గర దొరుకుతాయి. రెండోది, ప్రతి విమానానికీ బోర్డింగ్ పాసు ఫోటో.

మంగళవారం పొద్దున మామకి వీడియో కాల్ చేశాం.

"పాసులా? నేను ఎత్తిపెట్టను పాపా," అన్నాడు మామ. వెనక ఏదో మిషను తిరుగుతోంది. "అన్నీ అమ్మ చేతికే. ఇంటికి వస్తూనే అడిగి వాంగుకుంటాది. ఎనిమిదేండ్లుగా ఒక్కటి కూడా ఇడిసిపెట్టలా."

అవ్వ అప్పటికే విల్లియనూర్‌లో కూతురింటికి వెళ్ళింది, మర్నాడు గానీ రాదు. ఆమెకి ఫోను లేదు. కానీ అవ్వ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పాల కవర్లు కడిగి మడతపెట్టి దాస్తుంది. ఆమె ట్రంకు పెట్టెలో మామ పదో తరగతి హాల్ టికెట్టు కూడా ఉంది.

"పెట్టెలోనే ఉంటాయిలే. తాళం ఆమె నడుంకే ఉంటాది," అంది అత్త.

పదకొండింటికి పట్టాభిరామన్ సార్ ఫోను చేశాడు. అత్త ఫోను అరచేత్తో మూసి నా వైపు చూసింది. "ఏం చెప్పేది? సీటు ఉంచమందామా, వద్దందామా?"

"వద్దనండి," అన్నాను. "మనకి ఫ్రీగా వస్తుంటే ఎందుకు?"

అత్త వద్దంది.

బుధవారం మధ్యాహ్నం అవ్వ బస్సు దిగి వచ్చింది. గేటు తీస్తుండగానే నేను సంచి అందుకుని అడిగాను. "అవ్వా, మామ విమానం చీటీలు ఇస్తాడు కదా, పొడుగ్గా, గట్టి కాగితం. అవి ఇస్తారా, ఫోటో తీసుకుంటాను."

"అయ్యా? అయ్యి యాడుంటాయి పాపా. కాల్చేసినా గదా."

నాకు అర్థం కాలేదు. అత్త లోపలినించి వచ్చింది. "ఏంది కాల్చేది?"

"దిష్టి తీసినప్పుడు," అంది అవ్వ. మేమిద్దరం ఎందుకలా చూస్తున్నామో తెలియక ఒక్కొక్క మాటా నిదానంగా చెప్పింది. "ఊరినించి వచ్చినోడికి దిష్టి తియ్యాలంటే ఉప్పు, మిరపకాయలు, వాడు తొక్కిన మన్ను కావాల. వీడు పోయేది యాడికో. ఆ ఊరి మన్ను నాకెవురు తెచ్చిస్తారు? ఇమానంలో మన్ను ఉంటాదా? వాడు యాడ కాలు పెట్టినాడో ఆ చీటీలో రాసింటాది. అందుకే దాన్ని గుప్పిట్లో పెట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో ఏస్తా. ఒక్కసారన్నా వానికి జొరం వచ్చిందా, చెప్పు."

మామ గుమ్మం బయట కళ్ళు మూసుకుని నిలబడతాడు. అత్త లోపల అన్నం వడ్డిస్తుంటుంది. అవ్వ గుప్పిట్లో ఏముందో ఎనిమిదేళ్ళుగా ఎవరూ చూడలేదు.

అత్త మెట్టు మీద కూర్చుండిపోయింది. అవ్వ నన్ను చూసి, "నేనేమన్నా తప్పు చేసినానా పాపా?" అంది. లేదన్నాను. ఎవరి తప్పో నాకు తెలుసు.

వెంటనే పట్టాభిరామన్ సార్‌కి ఫోను చేశాం. ఆయన ఏజెంటుని అడిగి పది నిమిషాల్లో తిరిగి చేశాడు. వదిలేసిన సీటు నిన్ననే అమ్ముడయింది. విమానం నిండిపోయింది. ఎంత పెట్టినా లేదు. మా నాన్న కార్డు తెచ్చి ఇస్తానంటే అత్త, "డబ్బు కాదు పాపా, సీటే లేదంట," అంది నాకే ఓదార్పు చెబుతున్నట్టు.

మైళ్ళతో తీసుకునే రెండు సీట్లూ మాత్రం నా ఫోన్లో ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఎప్పుడు తెరిచినా అవే. వాటి వాటా వేరే, డబ్బుకి అమ్మరు.

విమాన కంపెనీ వాళ్ళకి ఫోను చేశాను. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒకతను మాట్లాడాడు. మర్యాదస్తుడే. బోర్డింగ్ పాసు లేకుండా వేరే కంపెనీ విమానానికి మైళ్ళు ఇవ్వలేమన్నాడు. టికెట్ నంబర్లు ఉన్నాయన్నాను. టికెట్టు కొన్నవాళ్ళందరూ ఎక్కరు కదా మేడమ్ అన్నాడు. పాసులు ఏమయ్యాయని అడిగాడు. దిష్టి తీసి కాల్చేశారని హిందీలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. పోయాయన్నాను. మైళ్ళు కొనుక్కుంటామన్నాను. కొత్త ఖాతాకి మూడు నెలలు ఆగాలన్నాడు. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగాడు.

గురువారం మధ్యాహ్నం మామ వచ్చాడు. గేటు దగ్గర అవ్వ ఉప్పూ మిరపకాయలూ లేకుండా ఉత్త చేతులతో నిలబడింది. మామ అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు.

"కండ్లు తెరువు. కాగితాలియ్యి," అంది అవ్వ.

మామ పాసులు ఇచ్చాడు. అవ్వ పెట్టెకి కట్టిన ట్యాగు విప్పింది. చొక్కా జేబులో చెయ్యి పెట్టి కాఫీ బిల్లు, బస్సు టికెట్టు, విమానంలో ఇచ్చిన ఉప్పు పొట్లం తీసింది. అన్నీ పాల కవర్లో పెట్టి రెండు చేతులతో నాకిచ్చింది. "ఒక్కటి కూడా పొయ్యిలో ఏయలా. చూడు పాపా, ఇయ్యి సరిపోతాయా."

సరిపోవు. పెరూ చాలా దూరం కాబట్టి ఎక్కువే వస్తాయని నాకూ ఆశ ఉండేది. కానీ మామ కంపెనీ కొనేది అన్నిటికంటే చవక టికెట్టు, దానికి ఎగిరిన దూరంలో పావు వంతే మైళ్ళు పడతాయి. ఆ నియమం నాకు ముందే తెలుసు, సోమవారం లెక్క వేసినప్పుడు మర్చిపోయాను. అంటే ఆ పాసులన్నీ ఉన్నా పాతిక వేలు అయ్యేవి కావు. ఈ మాట నేను కింద ఎవరికీ చెప్పలేదు. అవ్వకైనా చెప్పాలనుకున్నాను, ఆమె మనసు తేలికవుతుందని. రెండుసార్లు మెట్లు దిగి మళ్ళీ ఎక్కేశాను.

పెరూ పాసుల ఫోటోలు గురువారం రాత్రే విమాన కంపెనీకి పంపాను. శుక్రవారం కాలేజీకి వెళ్ళలేదు. ఫోనులో ఖాతా తెరిచి మూసి, తెరిచి మూసి మధ్యాహ్నం దాటించాను. నాలుగింటికి మైళ్ళు పడ్డాయి. ఐదు వేల ఎనిమిది వందలు. కింద హాల్లో మామ కూతురి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కయల్ మళ్ళీ తేలులా వంగి ఉంది, మామ చేతి గడియారం చూస్తూ క్షణాలు లెక్కపెడుతున్నాడు.

"నిమిషం పది," అన్నాడు. "చాలు దిగమ్మా."

"ఇంకొంచెం," అంది కయల్ గడ్డం ఎత్తకుండా.

ఐదుంబావుకి పట్టాభిరామన్ సార్ ఫోను చేసి అత్తతో మాట్లాడాడు. అత్త "సరి సార్, సరి" అని నాలుగుసార్లంది. కయల్ బదులు వరసలో తరవాతి పిల్ల నివేదిత వెళుతుంది. ఆ పిల్ల తండ్రి వేరే ఏజెంటు ద్వారా మంగళవారమే ఒక సీటు కొని ఉంచాడట, ఎందుకైనా మంచిదని. అది అత్త వదిలేసిన సీటేనా అని నాకనిపించింది. అడగలేదు.

కయల్ ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, "అక్కా, నాన్నకి సిల్వర్ రావాలంటే ఇంకా ఎన్ని కావాల?" అంది. చెప్పాను. "అట్లైతే రెండు సంవత్సరాలు," అంది తనే లెక్కేసి.

శనివారం పొద్దున నివేదితా, వాళ్ళమ్మా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు, లోపలికి రావడానికి మొహమాటపడుతూ. జట్టు దుస్తులు కుట్టించడానికి టైము లేదు, కయల్‌ది ఇస్తారా అని. అత్త ఏమీ అనకముందే కయల్ బీరువా తీసింది. నీలం రంగు, వీపు మీద తెల్లదారంతో ఇంగ్లీషులో కయల్విళి కె. అని కుట్టించారు.

నివేదిత తొడుక్కుని చూసుకుంది. నడుం దగ్గర వదులు. కయల్ మోకాళ్ళ మీద కూర్చుని బట్ట పట్టి చూపించింది. "ఇక్కడ బిగువు ఉండాల. లేకుంటే కాళ్ళెత్తినప్పుడు జారతాది."

తరవాత అత్త దాన్ని ఒళ్ళో పరుచుకుని బ్లేడుతో పేరు విప్పడం మొదలుపెట్టింది. "ఈ పక్క గట్టిగా పట్టుకో పాపా," అంది. పట్టుకున్నాను. తెల్లదారం ముక్కలు నా చేతుల మీద పడుతున్నాయి.

నివేదిత నా పక్కకి వచ్చి కూర్చుంది. "అక్కా, మీకు విమానాల గురించి అంతా తెలుసంట గదా. ఎగిరేటప్పుడు చెవులు నొప్పెడతాయా?"

పైకి లేచేటప్పుడు కొంచెం గుయ్యిమంటాయనీ, నోట్లో చాక్లెట్టు పెట్టుకుని చప్పరిస్తుంటే పోతుందనీ, కిటికీ పక్క సీటు కావాలంటే కౌంటర్లో ముందే అడగాలనీ చెప్పాను. కయల్ అటు తిరిగి బీరువా సర్దుతోంది, అన్నీ వింటూనే.