మెరవని రాగి బిళ్ళ

మామ వీరయ్య మీద రాజేశ్వరి ఫిర్యాదు చిన్నదే: ఆయన కంటపడ్డ రాగి ఏదీ నల్లగా ఉండటానికి వీల్లేదు. మానుకోట బజారులో నలభై ఏండ్ల గిన్నెల దుకాణం మరి. పెండ్లికి పోయినా పెండ్లిపిల్లను చూడడు, బిందెలు చూస్తాడు.

రాజేశ్వరి జనగామ పిల్ల. పెండ్లినాటికే వరంగల్‌లో పరిశోధనకు చేరింది. ఇట్రియం, బేరియం, రాగి పొడులు కలిపి నూరి, కొలిమిలో కాల్చి, ఆక్సిజన్ తాగించి, రూపాయంత నల్ల బిళ్ళ చేస్తుంది. బాగా చల్లబరిస్తే అందులో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారాలి. తొమ్మిది బిళ్ళలు మొండికేశాయి. పదోది చేసిన వారానికే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. భూపాలపల్లిలో బొగ్గు బావులు బంద్, బస్సులు బంద్, ల్యాబుకు తాళం. బిళ్ళను డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకుంది.

"గిదే ఆఖరిది బిడ్డా. గిది గాకుంటే చాలించి దుకాణం చూస్కో" అన్నాడు వీరయ్య. సరేనంది.

ఆ అడ్డు పోయి గ్రాఫు గీత ఒక్కసారిగా సున్నాకు పడటం ఆమె ఇతరుల పుస్తకాల్లోనే చూసింది. తన చేత్తో చేసినదాంట్లో చూడాలి, అంతే. వంట మధ్యలో డబ్బా మూత తీసి చూసుకునేది. అటు అన్నం పొంగి పొయ్యి ఆరిపోయేది.

ఒకనాడు సమ్మెలో భాగంగా రోడ్డు మీద బతుకమ్మ ఆడి ఇంటికొచ్చింది. వీరయ్య వాకిట్లో చింతపండు, ఉప్పు ముందేసుకుని కూర్చున్నాడు.

"ఎంత తోమినా మెరుస్తలేదు బిడ్డా! ఏం రాగి గిది? ఎవడో నిన్ను మోసం చేసిండు."

గిన్నెలో నీళ్లు మసిలా ఉన్నాయి. బిళ్ళ అంచులు కరిగిపోయాయి.

"కోడలి వస్తువు ముట్టకుమన్ననా లేదా?" లోపలినుంచి అత్త విజయలక్ష్మి అరిచింది.

"జర మురిపిద్దామనుకున్న..."

రాజేశ్వరి గడప మీద కూలబడింది. బిళ్ళను తన చేతిలోకి తీసుకుని అడిగింది: "మామా, ప్యాసింజర్ రైలు కిక్కిరిస్తే మీరు కదులుతరా?"

"పక్కోడు కదిలితే గదా!"

"నలుగురు దిగితే?"

"జర కదులుతం."

"దీంట్ల ఎలక్ట్రాన్లూ గంతే. ఒక్కో రాగికాడ ఒక్కటి, పక్కదాని భయానికి కదలదు. ఆక్సిజన్ తాగిస్తే కొన్ని దిగుతయ్. ఇగ చల్లబెడితే జంటలు గట్టి పోతయ్, ఎక్కడా తగులకుంట."

"అందర్నీ దింపితే?"

అంత బాధలోనూ ఆమెకు నవ్వొచ్చింది. ఆమె గురువు అడిగే ప్రశ్న అది. "మస్తుమందిని దింపితే ఆ గుణం పోతది. ఎందర్ని దింపాల్నో అదే నా పరిశోధన."

వీరయ్య మసి చేతులు కూడా తుడుచుకోకుండా అడిగాడు: "మళ్ల చేయరాదా?"

"చేయొచ్చు. గిదే ఆఖరిదన్నరు గదా."

విజయలక్ష్మి గడప దాకా వచ్చి ఆగింది. ఇన్నేండ్ల కాపురంలో మొగుని నోట ఆమె వినని మాట అప్పుడు వింది.

"తప్పు నాది బిడ్డా" అన్నాడు వీరయ్య. "తోముడు చిన్న తప్పు. చాలించుమన్నది పెద్ద తప్పు."