చూసినవాడికి రెట్టింపు

ముడిమ్యాలలో మాకు పది గుంటల భూమి ఉంది. దానికి బాట లేదు. మూడేళ్ల కిందట కొన్నప్పుడు ఉండేది. రిజిస్ట్రేషన్ అయిన నెలకే పక్క చేను మాణిక్యం అడ్డంగా కడీలు పాతి ముళ్లకంచె లాగాడు. ఆ బాట తమ చేనులోదట. మొయినాబాద్ లాయరు కోర్టుకెళ్తే పదేళ్లు పడుతుందని చెప్పి, కాఫీ ఇచ్చి పంపాడు. నా భార్య సుబ్బులు పీఎఫ్ డబ్బు మొత్తం ఆ భూమిలోనే ఉంది. మొదట్లో ప్రతి నెలా గండిపేట నుంచి నాతో వచ్చి, కంచె ఇవతల నిలబడి, మామిడి మొక్కలు ఎక్కడెక్కడ నాటాలో వేలితో చూపించేది. ఈ మధ్య రావడం మానేసింది. నన్ను ఏమీ అనదు కూడా. అదే నాకు ఎక్కువ బాధ.

బతిమాలడానికి వెళ్లిన నన్ను మాణిక్యం పేకాటకు కూర్చోబెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, చేను పక్క రేకుల షెడ్డులో మూడు ముక్కలాట. పోలీసుల భయానికి డబ్బు ఉండదు. మనిషికి రెండు వందల చింతగింజలు, అంతే.

నేను ఆఫీసులో పోకర్ ఆడినవాణ్ణి. వీడియోలు చూసి నోట్సు రాసుకున్న ఘనుణ్ణి. నాలుగు ఆదివారాల్లో మాణిక్యం నాకు పూర్తిగా అర్థమయ్యాడనుకున్నాను. ఆయన తన ముక్కలు చూడనే చూడడు. బోర్లా పెట్టి, పైన సెల్‌ఫోను ఉంచి, గింజల్ని గుప్పిళ్లతో ముందుకు తోస్తాడు. అందరూ జడిసి తమ ముక్కలు పడేసి ఆట వదిలేస్తారు. ఇలాంటి దూకుడు మనిషికి నా నోట్సులో ఒకటే మందు ఉంది. చెత్త ముక్కలన్నీ వదిలెయ్యాలి, మంచివి వచ్చేదాకా ఓపిక పట్టాలి, వచ్చాక ఆయన పోసుకుంటూ పోతే పోసుకోనివ్వాలి. అందుకని అన్నీ వదిలేస్తూ కూర్చున్నాను. మాణిక్యం దోస్తు భిక్షపతి నన్ను చూసి నవ్వేవాడు. నవ్వుకోనీ అనుకున్నాను.

ఐదో ఆదివారం మాణిక్యం తనే ఆ మాట కదిపాడు.

"సారూ, ఊకె బాట బాట అంటున్నరు గద. ఇయ్యాల నా గింజలన్నీ గెలుచుకోండ్రి, బాట ఇస్త. మీయి పోతే ఆ పది గుంటలు కొన్న ధరకే నాకియ్యుండ్రి."

సుబ్బులుని అడగాల్సింది. అడగలేదు. నోట్సు మీద నాకు అంత నమ్మకం.

గంటసేపు పడేస్తూనే ఉన్నాను. ఇరవై గింజలు పోయాయి. అప్పుడు మూడు రాణులు వచ్చాయి. వాటిని కొట్టేవి మూడు రాజులు, మూడు ఆసులే. భిక్షపతి తన ముక్కలు పడేశాడు. మాణిక్యం మామూలుగానే చూడకుండా పది గింజలు తోశాడు. చూసినవాడు రెట్టింపు పెట్టాలి కాబట్టి ఇరవై పెట్టాను. ఆయన ఇరవై, నేను నలభై. ఆయన నలభై, నేను ఎనభై. నా దగ్గర ఇక నలభై మిగిలాయి. చాలనుకుని, ఇద్దరి ముక్కలూ తిప్పుదామని షో అడిగాను.

చూడకుండా ఆడేవాణ్ణి చూసినవాడు షో అడగకూడదని, అడిగితే ఆయనే అడగాలని భిక్షపతి మెల్లగా చెప్పాడు. ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసట. నాలుగు ఆదివారాలు మంచి ముక్కల కోసం కాచుకుంటూ, ఒక్క ఆటలోనూ చివరిదాకా నిలబడని నాకు ఆ సంగతి తెలిసే వీలే లేకపోయింది.

మాణిక్యం ఎనభై తోశాడు. నేను నూట అరవై పెట్టాలి. ఉన్న నలభై పెడతాను, ముక్కలు తిప్పి చూద్దాం, పోకర్‌లో అలా కుదురుతుందని అన్నాను. ఆ బతిమాలే గొంతు నాదేనా అని సిగ్గేసింది.

"ఇది పోకర్ గాదు సార్," అన్నాడాయన, కోపమేమీ లేకుండా.

ఆట వదిలేసి, మూడు రాణుల్నీ వెల్లకిలా కింద పెట్టాను. అందరూ చూశారు. ఆయన ముక్కలు మాత్రం ఎవరూ తిప్పలేదు, అలాగే కట్టలో కలిపేశారు. నా నలభై గింజలు ఆ తర్వాతి రెండు ఆటల్లో పోయాయి.

షెడ్డు గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న ముసలావిడ, మాణిక్యం తల్లి లక్ష్మమ్మ, లేచి నాకు మజ్జిగ తెచ్చింది. నా మొహం చూసి ఆవిడకు నిజంగానే జాలేసింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. గెలిచినా ఏమొస్తుండె? ఆ చేను నా పేరు మీదున్నది. బాట ఇయ్యనని వీనికి ఎప్పుడో చెప్పిన."

మాణిక్యం కాదనలేదు. గింజలు డబ్బాలో పోసుకుంటున్నాడు. సర్వే నంబరు కొట్టి ఫోన్లో చూస్తే రెండు నిమిషాల్లో తెలిసేది ఆ సంగతి. ఆయన ఆడిన ప్రతి ఆటా రాసుకున్నాను గానీ, చేను ఎవరి పేరున ఉందో చూడాలని నాకు తోచలేదు.

భూమి ఇవ్వను పొమ్మని నేను అడ్డం తిరగొచ్చు. కాగితం ఏమీ లేదు. కానీ బాట లేని భూమిని ఆయన తప్ప ఇంకెవరు కొంటారు? మజ్జిగ తాగి, గ్లాసు లక్ష్మమ్మ చేతికిచ్చి, రిజిస్ట్రేషన్‌కు చేవెళ్లకు ఏ రోజు రమ్మంటారని మాణిక్యాన్ని నేనే అడిగాను.