పెట్టెకి ఆనించిన చెవి

మంచు పడే మా ఊళ్ళో చలికాలంలో తేనెటీగల పెట్టె మూత తియ్యకూడదు. తీస్తే లోపలి వెచ్చదనం పోయి ఈగలు చస్తాయి. బయటినుంచే చెవి ఆనించి వినాలి. సన్నగా గుంయ్‌మని వినిపిస్తే బతికున్నట్టు. ఇది నాకు నేర్పింది మా అక్క. నా నోటి దురుసు చూసి కందిరీగ అని పేరు పెట్టిందీ తనే. వేసవి చివర్లో, పెట్టెలకి చలికాలపు ఏర్పాట్లు చెయ్యకుండానే పోయింది.

అక్క పెట్టె బావ ఇంటి వెనక ఉంది. అందులోంచే కొన్ని ఈగల్ని విడదీసి ఇంకో పెట్టెలో పెట్టి నాకిచ్చింది. అది నా కుట్టు దుకాణం మేడమీద ఉంది. మధ్యలో నాలుగు వీధులు. అక్క తన చేత్తో సాకినవి ఈ భూమ్మీద ఈ రెండు పెట్టెల్లోనే మిగిలాయి. చలి గడిచేదాకా వాటిని ప్రాణాలతో ఉంచాలన్నదే మా ఇద్దరి ధ్యాస. మిగతా మాటలేవీ మేం మాట్లాడుకోలేకపోయేవాళ్ళం.

బావ మోటారు మెకానిక్. ఇంజను చప్పుడు విని రోగం ఫలానా అని చెప్పే మనిషి. ఆ చెవిని నమ్మకపోతే ఇంకెవరి చెవిని నమ్ముతాను? రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని.

"విన్నావా బావా?"

"ఉన్నాయి."

అంతే. ఇంకో ముక్క రాలేది కాదు. పోనీలే, ఉన్నాయి కదా అని నా కుట్టుపని నేను చూసుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఆ చలి మధ్యలో దారి తప్పి వచ్చినట్టు మంచి ఎండ కాసింది. మేడమీదికెళ్ళి చూస్తే నా ఈగలన్నీ బయటే ఉన్నాయి. పొట్టలు బరువెక్కి, తిరిగొచ్చి పెట్టె గుమ్మం ముందు ధబ్‌ధబ్‌మని వాలుతున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క ఉంటే బాగుండేదని అక్కడే నిలబడి ఏడ్చాను కూడా. అప్పుడే బావ ఫోన్ చేశాడు.

"ఒసేయ్ కందిరీగా, వచ్చి చూడవే. పెట్టె ముందు జాతరలా ఉంది. వస్తున్నాయి, పోతున్నాయి." అతని గొంతులో నవ్వు విని ఎన్నాళ్ళయిందో. మళ్ళీ తనే అన్నాడు. "ఇప్పుడు చెప్తే తిట్టవు కదా? చాలా రోజులుగా నాకు చప్పుడు వినపడలేదు. ఇంకో చావు కబురు నా నోటితో చెప్పలేక ఉన్నాయన్నాను. చూడు, నిజంగానే ఉన్నాయి."

నా ఈగల బరువెక్కిన పొట్టలు గుర్తొచ్చాయి. ఈ కాలంలో ఎక్కడా ఒక్క పువ్వు లేదు. పువ్వు లేకుండా ఈగ పొట్ట నిండిందంటే ఇంకో పెట్టెని దోచుకుంటోందనే అర్థం. కాపలా ఈగలన్నీ చచ్చిన పెట్టెలోకే అలా ధీమాగా పోయి రాగలవు. బావ జాతర అంటున్నది నా ఈగల్ని చూసి.

పరుగున వెళ్ళేసరికి బావ గ్రీజు చేతులతో పెరట్లో నిలబడి ఉన్నాడు. నేరుగా వెళ్ళి మూత తీశాను. కుళ్ళిన జిగురు వాసన గుప్పున కొట్టింది. అక్క ఈగలు అడుగున కుప్పగా చచ్చిపడి ఉన్నాయి. పైన తేనె గదుల మీద నా ఈగలు తలలు దూర్చి పీలుస్తున్నాయి. కింద పిల్లల గదుల మూతలు లోపలికి కుంగిపోయాయి. ఒక గదిలో అగ్గిపుల్ల గుచ్చి లాగితే గోధుమరంగు తీగ సాగింది. పిల్లపురుగులు కుళ్ళిపోయే రోగం. అక్క ఎప్పుడూ భయపడింది దీనికే.

ఈగలు పట్టు కట్టుకోవడానికి పెట్టెలో నిలబెట్టే ఫ్రేముల్లో రెండింటి చెక్క వేరేగా ఉంది. అవి మావి కావు.

"ఇవెక్కడివి?"

"ఈగలు చచ్చిపోయాయని ఒకాయన సామాను అమ్మేస్తుంటే తెచ్చాను. వాటినిండా తేనె ఉంది. మీ అక్క లేదు కదా, చలికి తిండి చాలక పోతాయేమోనని పెట్టాను." బావ గొంతు తగ్గింది. "తేనె మంచిదే. నేను రుచి చూశాను."

"మనకి మంచిదే బావా. వాటి పిల్లలకి విషం."

చెడామడా తిట్టాలని నోరు తెరిచాను. తన పెళ్ళాం ఈగలు పస్తులుండకూడదని తనకి తెలియకుండానే చావుని కొనుక్కొచ్చి పెట్టాడు. ఏమని తిట్టను?

ఈగల రోగాలు తనిఖీ చేసే ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ అంతా విని, ముందు పెట్రోలు పోసి ఈగల్ని చంపి, రెండు పెట్టెలూ కాల్చెయ్యమంది. నా పెట్టెలో రోగం ఇప్పుడు కనపడదట. చలి తగ్గి పిల్లలు పెట్టాక బయటపడుతుందట. నా ఈగలు నీరసించగానే చుట్టుపక్కల పెట్టెల ఈగలు వచ్చి ఈ తేనెనే దోచుకుపోతాయట.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "దీన్ని కాల్చేద్దాం. నీ దాంట్లో ఏమీ లేదుగా. ఎవరికీ చెప్పకు. మీ అక్కవి ఇక అవే కదే."

నాకూ అదే కావాలి. ఒట్టు, అంతకంటే నాకేం వద్దు. దాచేద్దాం అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆ రెండు ఫ్రేములు మళ్ళీ కళ్ళబడ్డాయి.

"ఇవి నీకు అమ్మినాయన కూడా ఎవరికీ చెప్పకూడదనే అనుకుని ఉంటాడు బావా."

బావ చెయ్యి వదిలేశాడు. పార తెచ్చి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

పొద్దు వాలి ఈగలన్నీ లోపలికి చేరాక, నా పెట్టె గుమ్మానికి తడిగుడ్డ కుక్కి ఇద్దరం మోసుకొచ్చాం. అక్క పెట్టె అప్పటికే గోతిలో ఉంది. దాని పక్కనే దించాం. బావ షెడ్డులోంచి పెట్రోలు క్యాను తెచ్చి నా చేతికిచ్చాడు. తర్వాత గోతిలోకి దిగి, మోకాళ్ళమీద కూర్చుని, నా పెట్టెకి చెవి ఆనించాడు.

నేనేమీ అడగలేదు.

"ఉన్నాయి" అన్నాడు.

"లే బావా."

లేవలేదు. భుజం పట్టుకుని పైకి లాగాను. మూత కొంచెం ఎత్తి పెట్రోలు పోశాను. లోపల చప్పుడు ఒక్కసారిగా పెరిగింది. చెవి ఆనించకుండానే, అది ఆగిపోయేదాకా ఇద్దరికీ వినపడింది.