నిలువెల్లా నలుపు

సుకుమార్ పోయిన మర్నాడు పొద్దున, బంగారుపాళ్యం పల్ప్ ఫ్యాక్టరీ గేటు దగ్గర యూనియన్ మునిశేఖర్ నిలబడి, లోపలికి పోయే ప్రతి మనిషికీ ఒక నల్లగుడ్డ ముక్కా ఒక పిన్నీసూ ఇస్తున్నాడు. పాత గొడుగు చించి చేసిన బ్యాడ్జీలవి. పని మానకుండానే నిరసన తెలపాలని రాత్రే అనుకున్నారు. కొందరు అక్కడికక్కడే చొక్కాకు గుచ్చుకున్నారు. కొందరు, లోపలికి పోయాక చూద్దాంలే అని జేబులో వేసుకున్నారు. ఫిట్టరు ఢిల్లీబాబు వంతు వచ్చేసరికి మునిశేఖర్ చెయ్యి ఆగిపోయింది. గుచ్చేదెక్కడ? నల్ల చొక్కా, నల్ల పంచె, భుజాన నల్ల తువ్వాలు. మెడలో తులసిపూసల మాల. కాళ్ళకు చెప్పుల్లేవు.

"ఈ ఏడు మాల వెయ్యనంటివే?" అన్నాడు మునిశేఖర్.

"పొద్దున్నే బుద్ధి పుట్టినాది, స్వామీ. గోవిందయ్య గురుస్వామి వేసినాడు."

నలుపు మీద నలుపు గుచ్చితే కనపడదు గదా. మునిశేఖర్ దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

మాల వేసుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ నిలదీయరు, దాని సుఖం అది. చావింటికి రాలేదేమని అడగరు. శవాన్ని చూడమనరు. ఆ సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళంతా సుకుమార్‌ను మట్టిచెయ్యడానికి పోతే, ఢిల్లీబాబు ఇంట్లో చన్నీళ్ళు పోసుకుని శరణుఘోష చెప్పుకున్నాడు. మనిషికి భక్తి ఎప్పుడు పుడుతుందో చెప్పలేం గానీ, భయం మాత్రం వేళ తప్పకుండా పుడుతుంది.

జరిగింది ఇది. మామిడి కాలం ఎప్పుడో అయిపోయింది, కార్తీకంలో జామపండ్ల పల్ప్ నడుస్తోంది. ఫ్యాక్టరీ వెనక మడ్డి తొట్టి ఉంది. కడిగిన నీళ్ళూ, తొక్కలూ, కుళ్ళిన గుజ్జూ అందులోకే పోతాయి. దాన్ని ఎత్తిపోయడానికి ఒకడు నడుముకు తాడు కట్టుకుని దిగుతాడు, ఇంకొకడు పైన ఆ తాడు పట్టుకుని ఉంటాడు. కింద నుంచి ఒకసారి లాగితే బకెట్టు పైకి. రెండుసార్లు లాగితే మనిషి పైకి. ఆ రోజు దిగింది సుకుమార్, పట్టుకున్నది ఢిల్లీబాబు. మూతికి మాస్కు లేదు. మేనేజరు రాజారత్నాన్ని అడిగితే, వచ్చే వారం తెప్పిస్తాం, ఈ ఒక్కసారికి కానీయండి అన్నాడు.

సగం పనిలో ఉండగా ఆ రాజారత్నమే ఫోన్ చేసి, జామ లైన్లో పంపు ఆగిపోయింది, ఉన్నపళంగా రమ్మన్నాడు. ఢిల్లీబాబు తాడును పక్కనున్న ఇనుప కమ్మీకి మెలివేసి, కిందికి వంగి, "ఇదో వస్తా" అన్నాడు.

"పో స్వామీ. నేనింగ యాడికి పోతాను?" అన్నాడు సుకుమార్.

మాల ఉన్నా లేకపోయినా అతను ఏడాది పొడుగునా ఢిల్లీబాబును స్వామీ అనే పిలిచేవాడు, ఎగతాళికి. చర్చికి పోయే మనిషే. అయినా ఢిల్లీబాబు మాల వేసిన ఏడు తానూ గుడ్డు ముట్టేవాడు కాదు. ఎందుకురా నీకు అంటే, నీ పక్కన కూర్చుని తింటా గదప్పా, నా వాసన నీకెందుకు అనేవాడు.

పంపు బాగుచేసి వచ్చేసరికి తాడు కదలడం లేదు.

శవాన్ని పైకి తీశాక రాజారత్నం ఢిల్లీబాబును పక్కకు పిలిచాడు. "ఆ తాడు తీసెయ్. తాడుంటే మనం దింపినట్టు అవతాది. వాడే తాగి పడినాడు, సరేనా? నీ మీదికే వస్తాది చూసుకో." ఢిల్లీబాబు తాడు తీసుకుపోయి బాయిలర్లో వేశాడు. కమ్మీకి ఉన్న ముడి మాత్రం ఊడలేదు. ఎంత పీకినా రాలేదు. చాకుతో కోసి తన పనిముట్ల సంచిలో పడేశాడు. దాన్ని కూడా మంటలో వెయ్యొచ్చు గదా అంటే, ఏమో, వెయ్యలేకపోయాడు.

తాగి పడ్డాడన్న మాట నిలబడింది కూడా. ఎందుకంటే ఆ శవం నిజంగానే కల్లు వాసన కొట్టింది. పండ్ల గుజ్జు పులిస్తే ఎలాంటి వాసన వస్తుందో ఆ ఫ్యాక్టరీలో తెలియని మనిషి లేడు. కానీ మార్చురీ దగ్గర మొగుడి మొహం మీద గుడ్డ ఎత్తి చూసినప్పుడు ఆ తెలివి పనిచెయ్యదు. సుకుమార్ పెళ్ళాం రూతు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఏడవడం ఆపేసిందట. సుకుమార్ ఒకప్పుడు బాగా తాగేవాడు. ఆమె కోసం మానేశాడు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాడో అని ఆమె ఆలోచిస్తూ నిలబడిపోయిందట.

డాక్టరు మాత్రం, అలాంటి తొట్టిలో విషగాలి పీలిస్తే క్షణంలో పోతారు అన్నాడట. ఢిల్లీబాబు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. క్షణంలో పోయినవాడు తాడు లాగలేడు. లాగనప్పుడు, పైన తాను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. అలా అనుకున్న ప్రతిసారీ మెడలో మాల చిన్నగా లాగినట్టు అయ్యేది. కిందికి, రెండుసార్లు.

మొదట చొక్కా గుండీకి తగులుకుందేమో అనుకున్నాడు. గుండీ తీసి చూశాడు. క్యాంటీన్లో అన్నం కలుపుతుంటే లాగింది. పంచెకట్టుతో వాల్వు బిగిస్తుంటే లాగింది. పొద్దున చన్నీళ్ళ తొట్టిలో చెంబు ముంచితే నీళ్ళు పులిసిన జామ వాసన కొట్టాయి. పెళ్ళాం లోహిత వచ్చి వాసన చూసి, "బోరు నీళ్ళే గదా, ఏమీ ల్యా" అంది. భజనలో గోవిందయ్య ఒక శరణం చెబితే పదిమంది తిరిగి చెబుతారు. అందరూ ఆపాక ఇంకొక గొంతు, ఎగతాళిగా, స్వామీ అని ముగించేది. ఢిల్లీబాబు వెనక్కి తిరిగి చూసేవాడు. దొంగకు తేలు కుట్టినట్టు, కుట్టిందని చెప్పుకోవడానికి లేదు.

ఫ్యాక్టరీలో ఆ వారం ఇంకో గొడవ. కంపెనీ లోపల సొంత గుర్తులూ సొంత పోరాటాలూ పనికిరావని రాజారత్నం గేటుకు నోటీసు అంటించాడు. పిన్నీసు ఊడి పల్ప్‌లో పడితే ఎవరు జవాబుదారీ అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. పండ్లు కోసే ఆడవాళ్ళు ఎప్పటినుంచో గాజులూ పూలూ బొట్టుబిళ్ళలూ తీసి పెట్టెలో పెట్టాకే లోపలికి పోతారు. వాళ్ళతోనే పనిచేసే రూతు కూడా మెడలో సిలువ గొలుసు తీసి అక్కడే పెడుతుంది. అందరూ బ్యాడ్జీలు తీసేశారు. మర్నాడు ఆ ఆడవాళ్ళంతా తల టోపీలకు నల్లగుడ్డ ముక్కలు కుట్టుకుని వచ్చారు, దారంతో, చుట్టూ దగ్గర దగ్గర కుట్లు వేసి.

"ఇది పడదు సార్, లాగి చూడండి" అంది చెంగమ్మ అనే ఆమె, తల ముందుకు వంచి.

రాజారత్నం టోపీలన్నీ మార్పించాడు. అదే నోట, పూసల మాలతో వట్టి కాళ్ళతో యంత్రాల మధ్య తిరుగుతున్న ఢిల్లీబాబుకు, "స్వామీ, కాళ్ళు జాగర్త" అని చెప్పాడు. జానెడు గుడ్డకు భయపడినవాడు నిలువెల్లా నలుపుకు దండం పెట్టాడు. అది చూసి మునిశేఖర్ నవ్వాడు గానీ ఆ నవ్వు ఢిల్లీబాబు భరించలేకపోయాడు.

చావు పనులన్నీ ముగించుకుని రూతు మళ్ళీ పనిలో చేరింది. మధ్యాహ్నం కొళాయి దగ్గర ఢిల్లీబాబు ఒక్కడే ఉండటం చూసి వచ్చి, కాస్త దూరంలో ఆగింది. మాల వేసినవాళ్ళకు ఎంత ఎడం ఉండాలో ఆమెకు తెలుసు.

"స్వామీ, ఒక మాట. మీరు ఇప్పుడు అబద్ధం చెప్పకూడదంట గదా. అందుకే అడగతా ఉండాను. మా ఆయన ఆ పొద్దు తాగినాడా?"

ఢిల్లీబాబు కొళాయి కట్టలేదు. చెంబు నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పారుతున్నాయి.

"నా ముక్కుతో నేనే చూసినాను స్వామీ. వాసన వచ్చినాది. మా పాప అడగతాది, నాయన తాగి సచ్చిపోయినాడంట గదా అని. నాకు తెలిస్తే గదా దానికి చెప్పేది."

ఒక్క మాట చాలు. లేదమ్మా అంటే చాలు. మాల రెండుసార్లు లాగింది, ఈసారి మెడ నరం నొప్పెట్టేటట్టు. ఢిల్లీబాబు చేత్తో పూసలు అదిమిపట్టుకుని, "మాతా, స్వామి చావు మాటలు మాట్లాడకూడదు" అన్నాడు.

రూతు తలూపింది. "సరే స్వామీ" అని వెళ్ళిపోయింది. కోపం కూడా లేదు ఆ గొంతులో. తనను ఆమె చెంప మీద కొట్టి ఉంటే బాగుండునని ఢిల్లీబాబు అనుకున్నాడు.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు రేపు వస్తాడనగా రాజారత్నం ఢిల్లీబాబును తన గదికి పిలిచాడు. కుర్చీ చూపించాడు. అంతకుముందు ఎప్పుడూ చూపించలేదు.

"నువ్వొక్కడివి చెప్తే చాలు. వాడు తాగి పడినాడు, ఎవురూ దించలేదు, తాడు లేదు. మునిశేఖర్ చెప్తే పార్టీ మాటంటారు. మాలలో ఉండే మనిషి నోట వచ్చిన మాటను ఎవురు కాదంటారు చెప్పు? మంచి పని చేసినావబ్బా, వేళకు వేసినావు."

దాక్కోవడానికి వేసుకున్న నలుపు అది. ఇప్పుడు దాన్నే సుకుమార్ మీద కప్పమంటున్నారు. ఢిల్లీబాబు ఆ గదిలోంచి ఎలా బయటికి వచ్చాడో తనకే తెలియదు. రోడ్డు మీద బెంగళూరు బస్సులు పోతుంటే, వట్టి కాళ్ళతోనే గోవిందయ్య ఇంటికి నడిచాడు.

గోవిందయ్య అరుగు మీద కూర్చుని ఇరుముడికి గుడ్డలు మడతపెడుతున్నాడు. పెద్దమనిషి, ఎన్నో ఏళ్ళుగా శబరిమలకు పోతున్నవాడు.

"మాల తియ్యండి స్వామీ. నాకు మైల వచ్చినాది" అన్నాడు ఢిల్లీబాబు.

గోవిందయ్య కంగారుగా లేచాడు. "అయ్యో, ఎవురు పోయినారు?"

"సుకుమార్."

"ఏ సుకుమార్? మొన్న పోయిన ఆ చర్చి పిల్లోడా? వాడు నీకు దాయాదా, సంబంధమా? నీకు మైల యాడినుంచి వస్తాది స్వామీ?"

"వాడి తాడు నా చేతిలో ఉన్నింది. వదిలేసి పోయినాను. ఆ మర్నాడే మీ దగ్గిరికొచ్చి మెడ వంచినాను."

గోవిందయ్య చేతిలోని గుడ్డను మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. తర్వాత దగ్గరికి వచ్చి మాల తీశాడు. "వేసేటప్పుడే చెప్పుంటే వేసుండను గదప్పా" అన్నాడు. స్వామీ అనలేదు. మాల పోయాక మెడ తేలికవుతుందని ఢిల్లీబాబు ఆశపడ్డాడు. అరుగు దిగుతుంటే వట్టి మెడ మీద రెండుసార్లు లాగింది.

మర్నాడు పొద్దున అతను ఖాకీ బట్టలు, బూట్లు వేసుకుని వచ్చాడు. చొక్కా జేబు మీద పిన్నీసుతో గుచ్చిన నీలం నైలాను తాడు ముడి ఒకటి వేలాడుతోంది. పిడికిలిలో పట్టేంత ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్, గుర్తులు కూడదన్నాడు. మునిశేఖర్ దాన్ని చూశాడు, ఢిల్లీబాబు మొహం చూశాడు, వాచ్‌మన్ భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాడు. ప్యాకింగ్ వాళ్ళు, కోత వాళ్ళు, లోడింగ్ వాళ్ళు, అందరి మధ్యనుంచీ ఆ ముడితో నడిచి ఢిల్లీబాబు ఆఫీసు ముందుకు వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు, రాజారత్నం బయటే నిలబడి ఉన్నారు. రూతును కూడా పిలిపించారు. రాజారత్నం ఖాకీ బట్టలు చూసి, తర్వాత ముడిని చూసి, "ముందు అది తీసెయ్" అన్నాడు మెల్లగా.

"ఏమిటది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఢిల్లీబాబు చెప్పాడు. దించింది ఎవరో, పైన ఉన్నది ఎవరో, ఫోన్ చేసింది ఎవరో, తాడు ఏమైందో, అన్నీ. "వాడు తాగలేదు సార్. చుక్క ముట్టలేదు. అది మడ్డి వాసన" అని రూతు వైపు తిరిగి, "తాగలేదమ్మా" అన్నాడు మళ్ళీ.

రూతు కళ్ళు మూసుకుంది. తెరిచి, దగ్గరికి వచ్చింది. ఈసారి ఎడం పాటించలేదు. ముడిని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. రాయిలా ఉంది అది.

"ఇంత బిగించి కట్టినావా అన్నా?"

"లేదమ్మా. ఊరికే మెలేసినాను. చిటికెన వేలితో లాగినా వచ్చేంత."

రూతుకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆమె చూపు ముడి మీదే నిలిచిపోయింది.

"అట్లయితే, ఎన్నిసార్లు లాగినాడన్నా?"

తాగాడా లేదా అని అడుగుతుందనుకుని దానికి జవాబు తెచ్చుకున్నాడు గానీ, దీనికి తెచ్చుకోలేదు. "చానాసార్లమ్మా" అన్నాడు.

రూతు గోళ్ళతో ఆ ముడిని విప్పడానికి చూసింది. రాలేదు. రెండు చేతులా పట్టుకుని లాగింది, మళ్ళీ లాగింది. పిన్నీసు చొక్కాను చీలుస్తోంది. లాగిన ప్రతిసారీ ఢిల్లీబాబు ఆమె వైపు ఒకింత తూలుతున్నాడు. రాజారత్నం ఏదో అంటూ ఇటు రమ్మని పిలుస్తున్నాడు. ఢిల్లీబాబు ఉన్నచోటు నుంచి కదలలేదు.