ఏటిగట్టులో నేయని గుడ్డ

నేను ఒక గుడ్డను. ఆ మాట వినగానే చీరో పంచో అనుకుంటారేమో, కాదు. నన్ను ఎవరూ కట్టుకోరు. మట్టికీ రాళ్లకీ మధ్య పరిచే గుడ్డను. ఇంజినీర్లు జియోటెక్స్‌టైల్ అంటారు. మాలో రెండు రకాలున్నాయి. పడుగూ పేకా వేసి మగ్గం మీద నేసినవి ఒక రకం. నేను రెండో రకం. నన్ను నేయలేదు. ఆ సంగతి ఎవరైనా చిన్నచూపుగా అంటే నాకు ఒళ్లు మండుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నేసే ఓపిక లేక నన్ను అలా వదిలేశారని అనుకోకండి. ప్లాస్టిక్ గింజలను కరిగించి, సన్నటి పోగులుగా లాగి, దూదిలా పరిచి, వేలకు వేలు సూదులున్న యంత్రం కిందికి తోశారు. ఆ సూదులు నన్ను గుచ్చి గుచ్చి, పోగుకూ పోగుకూ మెలిపెట్టి, ఒక మెత్తటి మందపాటి పొరగా చేశాయి. నాలో వరుస లేదు, తీరు లేదు. ఉన్నవల్లా సందులే, లెక్కలేనన్ని వంకరటింకర సందులు. మనుషులు సందు కనిపిస్తే చాలు, దాన్ని పూడ్చే ఆలోచనలో పడతారు. నా బతుకంతా ఆ సందుల్లోనే ఉంది.

కోనసీమలో గోదావరి పాయ పక్కన ఏటిగట్టు పని జరుగుతున్న చోటికి నన్ను లారీలో తెచ్చారు. అదే లారీలో నా దాయాది, నేసిన గుడ్డ కూడా వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, తాటాకు చాపలా బిగువుగా ఉండేది. ఇద్దరికీ వేరువేరు పనులున్నాయి. గట్టు మీదికి లారీలు ఎక్కడానికి బురద నేలలో ఒక దారి వేయాలి. ఆ బురద మీద నల్లదాన్ని పరిచి, పైన కంకర పోయాలి. ఏటివైపు వాలుకి నన్ను పరిచి, నా మీద రాళ్లు పేర్చాలి. కాగితంలో అలాగే ఉంది. ఆ కాగితం రాసింది కుడుపూడి నాగలత, ఆ పనికి అసిస్టెంట్ ఇంజినీరు.

అంతకు రెండేళ్ల ముందు వరకు ఆ గట్టుకి ఉత్త రాళ్లే ఉండేవి. రాళ్ల సందుల్లోంచి మట్టి కొంచెం కొంచెంగా ఏటిలోకి కారిపోయి, లోపల డొల్లబడి, ఒక వరదకి గట్టు జారి గండి పడింది. గట్టుకి ఇవతల, సరిగ్గా ఆ చోటే ఉన్న పెయ్యల చిట్టెమ్మ ఇల్లు కొట్టుకుపోయింది. చిట్టెమ్మ కొబ్బరి పీచుతో తాళ్లు పేని అమ్ముకుంటుంది. ఇంకెక్కడా జాగా లేక అదే చోట మళ్లీ గోడలు లేపుకుంది. నేను దిగిన రోజున ఆమె వచ్చి నన్ను రెండు వేళ్లతో నలిపి చూసి, "పీచే గదండీ ఇది," అని వెళ్లింది. ఆ ఊళ్లో నన్ను వెక్కిరించకుండా ముట్టుకున్న మొదటి చెయ్యి అదే.

పని చేయిస్తున్న కంట్రాక్టరు ముదునూరి పతిరాజు గారు. ఇరవై ఏళ్లుగా గట్లు కట్టించిన మనిషి, పని దొంగ కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, దేన్నయినా లాగి చూస్తేగాని నమ్మడు. తాడు కొన్నా లాగుతాడు, టార్పాలిన్ కొన్నా లాగుతాడు. నాగలత రెండు రోజులు మీటింగుకని రాజమండ్రి వెళ్లినప్పుడు ఆయన మమ్మల్ని గట్టు మీద విప్పించి, అటు ఐదుగురినీ ఇటు ఐదుగురినీ నిలబెట్టి లాగమన్నాడు.

నల్లది కిక్కురుమనలేదు. నన్ను లాగితే సాగాను. ఇంకా లాగితే చిరిగాను. పదిమందీ వెనక్కి పడి లేచి పగలబడి నవ్వారు.

"ఇదేం గుడ్డండీ బాబూ, పసిపిల్లల పక్కలో ఏసే బొంతలాగుంది," అన్నాడు పతిరాజు. "గోదారి ముందు ఇదేం నిలబడుద్దండీ! దీన్ని ఆ రోడ్డు కింద పడేయండి. బలమైందాన్ని ఏటివైపు ఏద్దాం."

నాకు నోరుంటే ఆ రోజు గట్టు అదిరిపోయేది. నేను లాగుడు పందేనికి రాలేదు మహానుభావా! నా పని వేరు. చేపను చెట్టెక్కమని, ఎక్కకపోతే చేతకానిదనడం ఏం న్యాయం? కానీ నన్ను అడిగేవాళ్లెవరు. నాగలత తిరిగొచ్చేసరికి ఏటివైపు ఇరవై మీటర్లు నల్లదాన్ని పరిచి, రాళ్లు కూడా పేర్చేశారు.

ఆమె అడుగు భాగం కోసేసిన రెండు పెయింటు డబ్బాలు తెప్పించింది. ఒకదాని కింద నల్ల గుడ్డ ముక్క, ఇంకోదాని కింద నా ముక్క బిగించి కట్టించింది. ఏటి ఒండ్రు కలిపిన నీళ్లు రెండింట్లోనూ పోయించింది. నల్ల గుడ్డలోంచి కాసేపు కారాయి. తర్వాత దాని మీద ఒండ్రు పేరుకుని, నీళ్లు డబ్బాలోనే నిలిచిపోయాయి. నాలోంచి మొదట మురికిగా, ఆ తర్వాత తేటగా, ఆగకుండా కారుతూనే ఉన్నాయి.

పతిరాజు వంగి రెండు డబ్బాలనూ శ్రద్ధగా చూశాడు. "నీళ్లు పోనిచ్చే గుడ్డ మనకెందుకండి మేడమ్ గారూ? నీళ్లాపడానికే గదండి గట్టు కట్టేది?"

అక్కడున్న వాళ్లందరూ తలలూపారు. ఇన్ని తరాలుగా ఏటి పక్కన బతుకుతున్న మనుషులు వాళ్లు!

"ఏటిని ఆపేది గట్టండీ, గుడ్డ కాదు," అంది నాగలత. "వరదొస్తే గట్టు కూడా నీళ్లు తాగుద్ది. ఏరు తీసి కిందికి దిగేటప్పుడు ఆ నీళ్లు బయటికి రావాలి. దారివ్వకపోతే లోపల్నుంచి తోసేస్తాయి. ఇక్కడ లాగుడు పడదండీ రాజుగారూ. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. బలం కావాల్సింది ఆ బురద దారిలో, లారీల కింద."

ఫోన్లో పైఆఫీసరు మధ్యేమార్గం చెప్పాడు. వేసిన ఇరవై మీటర్లు కదపొద్దు, మిగతాది నీ ఇష్టం, కానీ జారితే బాధ్యత నాదని రాసివ్వమన్నాడు. నాగలత అక్కడే, సిమెంటు బస్తా మీద కాగితం పెట్టి రాసి సంతకం చేసింది. ఆ ఇరవై మీటర్లకి తాను ఒప్పుకోలేదని కూడా అందులోనే రాసింది. ఆ సంతకం చూశాక నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది. నా కోసం ఉద్యోగం పణంగా పెట్టే మనిషి ఉంటుందని నేను అనుకోలేదు.

నల్లదాన్ని గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. బురద దారి కింద అది గొప్పగా పనిచేసింది. రాళ్ల లారీలు వందసార్లు తిరిగినా కంకర బురదలోకి దిగలేదు. అక్కడ నేనైతే నెల తిరక్కుండా నలిగిపోయేదాన్ని. తప్పు దానిది కాదు, దాన్ని తెచ్చి ఏటివైపు పడుకోబెట్టినవాళ్లది.

శ్రావణంలో వరదొచ్చింది. మూడు రోజులు ఎర్రనీళ్లు నా మీద నిలబడ్డాయి. నాలుగో రోజు పొద్దున ఏరు తీయడం మొదలవగానే గట్టు మీద జనం ఊపిరి పీల్చుకుని టీలు తెప్పించుకున్నారు. నా కష్టం అప్పుడే మొదలైంది. మూడు రోజులుగా గట్టు తాగిన నీళ్లన్నీ వెనక్కి తిరిగి నన్ను వెనకనుంచి తోశాయి. చెప్పడానికి సిగ్గేముంది, నాకు భయం వేసింది. అయినా పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. రండి, మీ దారిన మీరు పొండి, మట్టిని మాత్రం ఇక్కడే వదిలి పొండి అన్నాను ఆ నీళ్లతో.

మధ్యాహ్నానికి ఏరు బాగా దిగి రాళ్లు బయటపడ్డాయి. రాళ్ల సందుల్లోంచి నీళ్లు ధారలు కట్టాయి. ముందుగా చూసింది చిట్టెమ్మ.

"అమ్మో అమ్మో, గట్టు కారిపోతందర్రా! బస్తాలట్టుకురండి!"

ఇసక బస్తాలు, బంకమట్టి తట్టలు పట్టుకుని ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. గోదావరిని తట్టుకున్నాను. నన్ను కాపాడదామని వచ్చే ఈ జనాన్ని ఎలా తట్టుకోవాలో నాకు తెలియలేదు. పతిరాజు గొంతు పెద్దది చేశాడు. "అటు చూడండి, నల్ల గుడ్డేసిన కాడ చుక్క కారట్లేదు! నేనప్పుడే చెప్పానండి!" అలా అనేసరికి ఆడవాళ్లు, ముసలివాళ్లు ఇరవైమంది దాకా పొడిగా ఉన్న ఆ ఇరవై మీటర్ల మీదికి చేరారు.

నాగలత స్కూటరు పడేసి పరుగున వచ్చింది. ధార ఎక్కువగా ఉన్న చోటే రాళ్ల మీద కూర్చుంది.

"ఇక్కడ ఒక్క బస్తా కూడా పడకూడదు."

"మీకేటండీ!" అంది చిట్టెమ్మ బస్తా దించకుండానే. "జారితే మీరు ఆఫీసుకెల్లిపోతారు. నేనెక్కడికెల్లాలండి? ఒకపాలి పోగొట్టుకున్నదాన్ని."

"రెండు గ్లాసులు ఇప్పించండి చిట్టెమ్మ గారూ," అంది నాగలత. ఒక గ్లాసు ధార కింద పట్టింది. రెండోది ఏటిలో ముంచింది. ఏటి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. నాలోంచి వచ్చినవి తేటగా, అడుగున గ్లాసు గీతలు కనిపించేటట్టు ఉన్నాయి.

"గట్టులో మట్టి పోతుంటే ఇవి కూడా అలాగే రావాలి. మట్టి లోపలే ఉంది. మీరు బస్తాలేస్తే ఈ నీళ్లు లోపలే ఉండిపోతాయి. అప్పుడు జారుద్ది."

చిట్టెమ్మ తేట నీళ్లలో వేళ్లు ముంచి నలిపి చూసింది. గరుకు తగల్లేదు. బస్తా దించింది. పూర్తిగా నమ్మకం కుదిరి కాదు, దాన్ని పక్కనే పెట్టుకుని దాని మీదే కూర్చుంది. ఆమె కూర్చోగానే మిగతావాళ్లు ఆగారు.

అప్పుడు నాగలత తల తిప్పి పొడిగా ఉన్న వైపు చూసింది. చటుక్కున లేచి నిలబడింది.

"రాజుగారూ! ఆ జనాన్ని దించేయండి! ముందు దించేయండి!"

"అక్కడ చుక్క కూడా రావట్లేదు గదండీ..."

"అందుకేనండీ!"

ఆయన మరుక్షణం నోరు చించుకుని అరుస్తూ, ముసలివాళ్లను రెక్క పట్టి లాగుతూ, అందర్నీ ఇవతలికి తోశాడు. ఆ మంచితనం ఆయనకుంది. చివరి మనిషి నా మీదున్న రాళ్ల పైకి వచ్చేసరికి ఆ ఇరవై మీటర్ల రాళ్లు గరగరమంటూ ఏటిలోకి దిగిపోయాయి. వెనకనే గట్టులో సగం మందం మట్టి బురదై జారింది. నల్ల గుడ్డ మడతలు పడి బయటికొచ్చింది. ఒక్క పోగు తెగలేదు. ఒక్క చోట చిరగలేదు. అంత బలంగానూ ఉండి గట్టును పోగొట్టింది.

చిట్టెమ్మ తన బస్తా భుజానికెత్తుకుని అటు పరిగెత్తింది. ఊరంతా ఆమె వెనక. నన్ను మూయడానికి తెచ్చిన బస్తాలన్నీ అక్కడ పడ్డాయి. ఏరు అప్పటికే దిగింది కాబట్టి గండి పడలేదు. ఆ రాత్రి చిట్టెమ్మ తన ఇంట్లోనే అన్నం వండుకుంది.

వారానికి విచారణకని క్వాలిటీ ఆఫీసరు వచ్చాడు. నన్ను పరిచారో లేదో తేల్చుకోవాలట. నాలుగు రాళ్లు లేపి, గుడ్డ ముక్క కోసి ల్యాబుకి పంపమన్నాడు. నాగలత ఫైలుతో నిలబడి ఉంది. పతిరాజు ఆమె పక్కనే, తల వంచుకుని ఉన్నాడు. గడ్డపార వేయబోతున్న కూలీకి అడ్డంగా చిట్టెమ్మ వచ్చి రాళ్ల మీద చతికిలబడింది.

"లేవమ్మా, చూడాలి," అన్నాడు ఆఫీసరు.

"నేను లెగనండి. దాని మీద చెయ్యెయ్యనివ్వనండి. ఉందో లేదో తెలుసుకోవాలంటే మళ్లీ వరదకి రండి. ఏరు తీసేటప్పుడు ఇక్కడ నిలబడి నీళ్లు సూస్కోండి."

ఆయన చివరికి షెడ్డులో మిగిలిన నా రోల్లోంచి ముక్క కోయించుకుని వెళ్లాడు. నేను రాళ్ల కింద, చీకట్లో, నా చోట నేనున్నాను. చిట్టెమ్మ చాలాసేపటి దాకా లేవలేదు.